చేతులు మారిన పతకం

జపోల్యే,
ఫిబ్రవరి 11, 1996

వేన్యూష్కా, నా చిట్టి తమ్ముడూ,

నీకు యాభయ్యో ఏడు వచ్చిందని నాకు తెలుసు. అయినా కాగితం ముందు కూర్చుంటే నా చెయ్యి ఆ పేరే రాస్తుంది. అమ్మ పోయినప్పుడు నిన్ను చంకనేసుకుని తిరిగినదాన్ని, ఇంకెలా పిలుస్తాను? నా రాత బాగోదు, నువ్వే సర్దుకుని చదువుకో.

గ్లెబ్ దగ్గర్నుంచి చివరి ఉత్తరం వచ్చి ఏడాది దాటింది. ‘ఇక్కడంతా బురద, మిగతాదంతా బాగానే ఉంది, రేపు మమ్మల్ని ఎటో తీసుకెళ్తారట’ అని రాశాడు చూడు, అదే. దక్షిణాన యుద్ధం జరుగుతోందని టీవీలో రోజూ చూపిస్తున్నారు. ఆ యుద్ధంలో నా పిల్లవాడు ఎక్కడున్నాడో మాత్రం చెప్పే దిక్కు లేదు. పోయిన వారం మళ్లీ సైనిక కార్యాలయానికి వెళ్లాను. ఈసారి కొత్త కుర్రాడు ఉన్నాడు. కాగితాలు తిరగేసి, “మీవాడు తన ఇష్టంతోనే దళం వదిలి పోయాడని ఉందమ్మా,” అన్నాడు.

“పోతే ఇంటికి రాడా నాయనా? వాడికి ఇల్లు కాక ఇంకేముంది?” అన్నాను.

“వస్తే మాకు చెప్పండి,” అన్నాడు. నా కొడుకు ఎక్కడున్నాడని నేను అడగబోతే, వాళ్లే నన్ను అడుగుతున్నారు.

ఆదివారం, ప్రార్థనలో చదివించడానికి పేర్ల చీటీ రాసిద్దామని గుడికి వెళ్లాను. కొవ్వొత్తులమ్మే రిమ్మా అందరి ముందూ గట్టిగా, “తైసియా, గ్లెబ్ పేరు ఏ చీటీలో? బతికున్నవాళ్లదా, పోయినవాళ్లదా? ఏదో ఒకటి తేల్చుకోవే, నీ వెనక లైనుంది,” అంది. బతికున్నవాడి పేరు పోయినవాళ్లలో రాస్తే వాడి ఆయుష్షుకి కీడు. పోయినవాడి పేరు బతికున్నవాళ్లలో రాస్తే వాడి ఆత్మ కోసం అడిగేవాళ్లే ఉండరు. ఏ తల్లి తేల్చగలదు? ఖాళీ చీటీ జేబులో పెట్టుకుని వచ్చేశాను.

అందుకే నీకు రాస్తున్నాను. ఎవరిదో తెలియని పాత పతకం చేతిలో పెడితే, దాని వెనకున్న నంబరు పట్టుకుని ఆ సైనికుడు ఎవరో, ఏ ఊరివాడో, ఏ రోజున చనిపోయాడో తవ్వి తీస్తావు కదా. యాభై ఏళ్ల కిందట పోయినవాళ్లే నీకు దొరుకుతున్నారే! నిరుడు పోయినవాడు దొరకడా? గ్లెబ్ ఎక్కడున్నాడో కనుక్కో తమ్ముడూ. ఉన్నాడో లేడో, ఆ ఒక్క మాట చెప్పు చాలు.

నీ అక్క తాయ

---

యారోస్లావ్ల్,
ఫిబ్రవరి 27

తాయక్కా,

నీ ఉత్తరం అందింది. నా గురించి నువ్వు మరీ ఎక్కువ అనుకుంటున్నావు. నేను చేసేదల్లా ఏమిటి? నంబరు రాసి పాత దస్తావేజులు దాచినచోటికి పంపిస్తాను, నెలల తరబడి ఎదురుచూస్తాను, వాళ్లకు బుద్ధి పుడితే జవాబిస్తారు. ఆ చచ్చినవాళ్లకు పాపం తొందర ఉండదు, నాకూ ఉండదు. పతకాలకైతే వెనక నంబరుంటుంది గానీ మనుషులకు ఉండదు కదా అక్కా.

అయినా నాకు తెలిసినవాళ్లందరికీ రాశాను. రోస్తోవ్‌లో, యుద్ధం నుంచి తెచ్చిన పేరు తెలియని కుర్రాళ్లను ఉంచినచోటికీ రాశాను. ఆ మాట చదివి కంగారుపడకు, ఊరికే అన్ని చోట్లా అడుగుతున్నానంతే.

ఒక మంచి కబురు. ఆరేళ్లుగా నా దగ్గరున్న ఎర్ర నక్షత్రం పతకం గుర్తుందా, అంచు కొంచెం విరిగింది? అది వ్యాత్కా వైపు వాడిది, మందుపాతరలు తీసేవాడు. వాళ్ల కూతురు దొరికింది. ఫోనులో నేను పేరు చెప్పగానే ఆవిడ ఆ పేరు మళ్లీ చెప్పమంది. తర్వాత, “మా నాన్న పేరు వేరేవాళ్ల నోట విని నలభై ఏళ్లయింది,” అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం వేసింది.

ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. నా మోకాలు కూడా అలాగే ఉంది.

అన్నట్టు, నాన్న పతకం నిజంగానే గ్లెబ్ వెంట పంపావా? బీరువాలో ఎక్కడైనా పడుందేమో ఒకసారి వెతికి చూడు.

నీ వేన్యా

---

జపోల్యే,
మార్చి 9

వేన్యూష్కా,

నేను చదువుకోనిదాన్నే గానీ నిన్ను పెంచినదాన్ని. కుండ పగలగొట్టిన రోజు నువ్వు ఇంటికొచ్చి ముందు ఆవు గురించి, ఆ తర్వాత వాన గురించి మాట్లాడేవాడివి. చివర్లో తలుపు దగ్గర నిలబడి, ‘అక్కా, మన దగ్గర కుండలెన్ని ఉన్నాయి?’ అనేవాడివి. ఇప్పుడూ అదే చేశావు. ఉత్తరం నిండా నీ ఎర్ర నక్షత్రాలూ, నీ మోకాలూ రాసి, చివర ఒక్క వాక్యంలో నాన్న పతకం అంటావా?

బీరువాలో వెతకాల్సిన పని లేదు. వాడు సైన్యంలో ప్రమాణం చేసిన రోజు మేం తల్లులందరం వెళ్లాం కదా. ఆ రోజు బ్యారక్‌ల గేటు పక్కన బెంచీ మీద కూర్చుని, వాడి కోటు అస్తరు విప్పి, లోపల ఎడమ పక్కన ఆ పతకం పెట్టి మళ్లీ కుట్టింది నేనే. వాడు సిగ్గుపడిపోయాడు. “అమ్మా, అందరూ చూస్తున్నారే, నన్ను చంటిపిల్లాణ్ని చేస్తున్నావు,” అన్నాడు. “మీ తాతను కాపాడింది, నిన్నూ కాపాడుతుంది, కదలకు, సూది గుచ్చుకుంటుంది,” అన్నాను.

నువ్వు దాన్ని చూశావు. ఎక్కడ చూశావో రాయి. అబద్ధం రాయకు.

తాయ

---

యారోస్లావ్ల్,
మార్చి 20

అక్కా,

చూశాను. దాచినందుకు తిట్టు, పడతాను.

ప్రతి ఆదివారం పాత క్లబ్బు హాల్లో మా పతకాలవాళ్ల సంత జరుగుతుంది. ఫిబ్రవరి మొదట్లో వెళ్లాను. గెర్మాన్ అని ఒక వ్యాపారి ఉన్నాడు, వాడి బల్ల మీద నల్ల గుడ్డపై ‘ధైర్యానికి’ అని చెక్కిన పతకాలు ఏడెనిమిది పరిచాడు. అందులో ఒకటి చూసి నా కాళ్లు ఆగిపోయాయి. ‘ధైర్యానికి’ అన్న అక్షరాల్లో ఎరుపు పోయి, చివరి అక్షరంలో మాత్రం కాస్త మిగిలింది. నువ్వే ఏటా మే తొమ్మిదికి, విజయ దినానికని, పళ్లపొడి పెట్టి తోమీ తోమీ ఆ ఎరుపంతా ఊడగొట్టావు. పతకాన్ని తోమకే, విలువ పోతుందే అని నేను నెత్తీ నోరూ కొట్టుకునేవాణ్ని. ఆ తోమిన పతకాన్ని వెయ్యింటిలో ఉన్నా గుర్తుపడతాను. తిప్పి చూశాను. నాన్న నంబరే. చిన్నప్పుడు ఎక్కాలు రాకపోయినా ఆ నంబరు మాత్రం నోటికి వచ్చేది నాకు. ఈ పిచ్చి పట్టిందే దానివల్ల.

“ఏంటి వెన్యామిన్ ప్రోఖోరోవిచ్, చూస్తున్నావా, పెళ్లాడతావా?” అని గెర్మాన్ నవ్వాడు.

“ఇదెక్కడిది?” అన్నాను.

పక్క బల్లలవాళ్లు కూడా మాటలాపి నావైపు చూశారు. మా దగ్గర ఒక కట్టుబాటు ఉందక్కా. పతకం ఎవరికి ఇచ్చారని ఎంతైనా అడగొచ్చు, వెతకొచ్చు, గొప్పలు చెప్పుకోవచ్చు. అది ఎవరి చేతుల మీదుగా బల్ల మీదికొచ్చిందని మాత్రం అడగకూడదు. ఇరవై ఏళ్లుగా నేనూ అడగలేదు. ఎవరన్నా కొత్తవాడు అడిగితే నేనే వాణ్ని పక్కకు తీసుకెళ్లి మందలించేవాణ్ని.

“జుట్టు నెరిసింది గానీ మర్యాద తెలీలేదే నీకు,” అన్నాడు గెర్మాన్.

“ఇది మా నాన్నది.”

“ఇక్కడున్నవన్నీ ఎవరో ఒకరి నాన్నవేనయ్యా. కావాలంటే తీసుకో, లేకపోతే వెలుతురికి అడ్డం తప్పుకో.”

వ్యాత్కావాడి ఎర్ర నక్షత్రం ఇచ్చి నాన్నది తెచ్చుకున్నాను. వాళ్ల కూతురికి పంపుతానని మాటిచ్చినదే అది. నీకు రాసేనాటికే అది నా దగ్గర లేదు. ఇంకేం చెప్పను.

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు గెర్మాన్ వెంటపడ్డాను. ఇప్పుడు అక్కడ నాతో ఎవరూ మాట్లాడటం లేదు, నేను బల్ల దగ్గరికెళ్తే సరుకు మీద గుడ్డ కప్పేస్తున్నారు. మొన్న బస్టాపులో నన్ను వదిలించుకోలేక, “రీబిన్స్క్‌లో లారీ డ్రైవరు తీఖోన్, రేవు వెనక ఉంటాడు. ఇంక నీ మొహం నాకు చూపించకు,” అన్నాడు.

అక్కా, దీన్నిబట్టి ఏదో ఉందని ఊహించుకోకు. కోటు దొంగతనమై ఉండొచ్చు. ఇంకేమైనా అయి ఉండొచ్చు.

వేన్యా

---

జపోల్యే,
మార్చి 31

నా బంగారు తమ్ముడూ,

ఊహించుకోకు అంటావేంటి! నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నేను నేల మీద నడవడం లేదు. పాలు పితుకుతూ బకెట్ తన్నించుకున్నాను. ఆవు జోర్కా కూడా నన్ను వింతగా చూసింది, దానికీ తెలిసింది ఈ మనిషికి ఏదో అయిందని.

పతకం ఆ అస్తరులోంచి బయటపడిందంటే దాన్ని ఎవరో తీశారు. ఎలా తీశారో అడుగు. దొంగైతే కత్తితో అస్తరు చీల్చి తీస్తాడు. మావాడైతే అలా చెయ్యడు. వాడికి చిన్నప్పుడే కుట్లు విప్పడం నేర్పాను, పాత బట్టలు కొత్తగా కుట్టేటప్పుడు నా ఎదురుగా కూర్చుని దారం తెగకుండా విప్పేవాడు. ఆ మనిషికి అది తెలిసుంటే చెప్తాడు. కుట్లు విప్పి తీశాడంటే వాడే తీశాడని అర్థం, ప్రాణాలతో ఉండగానే తీశాడని అర్థం.

ఒకవేళ అమ్ముకుని పారిపోయి ఉంటే? ఉండనీ! నేనేమీ అననని చెప్పు. ఎవరింటి అటక మీద దాక్కున్నా సరే, పేరు మార్చుకున్నా సరే, ఇంకో ఇరవై ఏళ్లు నాకు ఉత్తరం రాయకపోయినా సరే. దళం వదిలి పోయాడన్న ఆ మాట విని ఏడ్చాను చూడు, ఇప్పుడు అదే నిజం కావాలని దేవుణ్ని అడుగుతున్నాను. చూశావా, మీ అక్క ఎంత సిగ్గులేనిదైపోయిందో.

మోకాలి సంగతి నాకు చెప్పకు. రీబిన్స్క్ వెళ్లు. నువ్వు వెళ్లకపోతే పక్కింటివాళ్లకు ఆవును అప్పగించి నేనే బయల్దేరతాను.

తాయ

---

యారోస్లావ్ల్,
ఏప్రిల్ 16

అక్కా,

ఈస్టర్ పండగ శుభాకాంక్షలు. రీబిన్స్క్ వెళ్లాను. ఆ మనిషి ఊళ్లో లేడు, సరుకు తోలుకుని దూరం పోయాడట. మళ్లీ వెళ్తాను. నువ్వు బయల్దేరకు, దారులు బాగోలేవు.

వేన్యా

---

జపోల్యే,
ఏప్రిల్ 25

వేన్యూష్కా,

ఉత్తరమా ఇది? పండగ అన్నావు, దారులన్నావు. ఆవు గురించి కూడా అడగలేదు నువ్వు.

ఆ డ్రైవరు ఊళ్లోనే ఉన్నాడు. నువ్వు అతనితో మాట్లాడావు. నన్ను ఇలా మధ్యలో నిలబెట్టకు తమ్ముడూ, కాళ్లు నొప్పెడుతున్నాయి.

అక్క

---

యారోస్లావ్ల్,
మే 4

తాయక్కా,

కూర్చుని చదువు. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకో, రిమ్మా అయినా పరవాలేదు.

తీఖోన్ అక్కడే ఉన్నాడు, వంటింట్లో. నా వయసువాడేమీ కాదు, ముప్పై ఉంటాయి, చెవి ఒకటి సరిగా వినపడదు. నేను పతకం తీసి బల్ల మీద పెట్టగానే వాడి మొహం తెల్లబోయింది. నేను వయసు మర్చిపోయి వాడి కాలరు పట్టుకున్నాను.

“చచ్చినవాడి ఒంటి మీద నుంచి పీకావా? చెప్పరా!”

“పట్టుకో పెద్దాయనా, కొట్టాలంటే కొట్టు. కానీ అది వాడే నాకిచ్చాడు,” అన్నాడు. “వాడు నీకేమవుతాడు? గ్లెబ్ కదూ? అమ్మది జపోల్యే కదూ?”

ఊరి పేరు చెప్పాక కాలరు వదిలేశాను.

అప్పుడు తీఖోన్ సైన్యంలో డ్రైవరు, సరుకులు తోలేవాడు. బురదలో లారీలు దిగబడిపోయి, మనవాడి దళానికి కొన్ని రోజులుగా తిండి చేరలేదట. ఆ సాయంత్రం తీఖోన్ ఒక్కడి బండే వచ్చింది, వేరే దళానికి సరుకు మోసుకుని. కుర్రాళ్లు బండి చుట్టూ చేరారట. ఒకడు వాచీ ఇస్తానన్నాడు, ఒకడు బెల్టు. తీఖోన్ కాదన్నాడు, లెక్క చెప్పాలి కదా. గ్లెబ్ పక్కకు వచ్చి నిలబడి, కోటు విప్పి, ఒకడి దగ్గర సూది అడిగి తీసుకుని, అస్తరు కుట్లు ఒక్కొక్కటే విప్పాడట. పతకం తీశాక ఆ అస్తరు మళ్లీ కుట్టుకున్నాడట, ఆ చలిలో, గ్లౌజులు లేకుండా. ఎందుకురా ఇప్పుడు కుట్టడం అని తీఖోన్ అడిగితే, “చిరిగి ఉంటే అమ్మ తిడుతుంది,” అన్నాడట.

రెండు డబ్బాల మాంసం, ఒక రొట్టె ఇచ్చాడు తీఖోన్. “ఇది అమ్మకం కాదన్నా, తాకట్టు,” అన్నాడట మనవాడు. “మా తాతది. తిరిగొచ్చాక నీ దగ్గరికొచ్చి తీసుకుంటా. ఎవరికీ ఇవ్వకు.” రీబిన్స్క్ చిరునామా చేతి మీద రాయించుకున్నాడట.

డబ్బాలను లారీ ఇంజను మీద పెట్టి వేడి చేశారు. గ్లెబ్, ఇంకో ముగ్గురు, ఒకే చెంచాతో వంతులేసుకుని తిన్నారు.

ఆపైది నీకు రాయకూడదనే ఆ చిన్న ఉత్తరం రాశాను. తెల్లవారి వాళ్ల బండ్లు నగరంలోకి వెళ్లాయి. రెండు రోజుల తర్వాత తీఖోన్ అదే దారిన వెళ్లాడు. ఒక కూడలి దగ్గర అవే బండ్లు కాలిపోయి ఉన్నాయి. అన్నీ. లోపల ఎవరెవరున్నారో చెప్పడానికి ఏమీ మిగల్లేదట. అందుకే లెక్క కుదరక, కనపడనివాళ్లందరినీ పారిపోయారని రాసుకుని ఉంటారు. “పారిపోవడానికి అక్కడ తలుపులుంటే కదా పెద్దాయనా,” అన్నాడు తీఖోన్.

ఏడాది ఎదురుచూశాడట. తలుపు చప్పుడైనప్పుడల్లా చూసేవాడట. ఇంక ఆ పతకం ఇంట్లో ఉంటే నిద్ర పట్టడం లేదని గెర్మాన్‌కి ఇచ్చేశాడు.

అక్కా, నా పతకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను నిన్న. ప్రతిదానికీ ఎవరికిచ్చారో చెప్పగలను. ఏ రెజిమెంటు, ఏ నది దాటినందుకు, అన్నీ. ఎవరు ఏ గతి లేక వదులుకున్నారో ఒక్కదానికీ తెలియదు నాకు. పెట్టె మూసేశాను.

అప్పట్నుంచి టీ తప్ప ఏదీ గొంతు దిగడం లేదు. నాన్నది నీకు పంపించనా?

వేన్యా

---

జపోల్యే,
మే 12

వేన్యూష్కా, నా చిట్టి తమ్ముడూ,

నీ ఉత్తరం నేనొక్కదాన్నే చదువుకున్నాను. ఇంజను మీద వేడి చేశారన్న చోటు మళ్లీ మళ్లీ చదివాను. కింద రాసింది ఒక్కసారే చదివాను.

తొమ్మిదో తారీఖున క్లబ్బు ముందు బ్యాండు వాయించారు, ముసలివాళ్లు పతకాలు పెట్టుకుని కూర్చున్నారు. నేను అటు వెళ్లలేదు, గుడికి వెళ్లాను. రిమ్మా నన్ను చూసి ఏమీ అడగలేదు, రెండు చీటీలూ నా ముందు పెట్టింది. పోయినవాళ్ల చీటీ తీసుకున్నాను. మొదటి అక్షరం రాశాక చెయ్యి సాగలేదు. వెనకెవరో గొణిగారు. “లైను ఆగితే ఆగనీ, చావరు. నువ్వు నెమ్మదిగా రాయవే తైసియా,” అంది రిమ్మా. రాశాను. ఆ మిగతా ముగ్గురి పేర్లు నాకు తెలియదు, అందుకని ‘గ్లెబ్, వాడితోపాటు తిన్నవాళ్లు’ అని రాశాను. అలా రాయకూడదట, కానీ ఫాదర్ అలాగే చదివాడు. విన్నాను. నిలబడే విన్నాను.

ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇంక దేనికోసం లేవాలో అర్థం కాలేదు. జోర్కా అరిస్తే లేచాను.

పతకం నాకు పంపకు. దాన్ని తీసుకెళ్లి తీఖోన్‌కి ఇచ్చెయ్యి. చీటీలో పేరు రాసేశాక ఈ మాట అనకూడదని నాకు తెలుసు, నాకు మతి పోలేదు. కానీ మావాడు తాకట్టు అన్నాడు, వచ్చి తీసుకుంటానన్నాడు. వాడు ఒకవేళ వస్తే ముందు అక్కడికే వెళ్తాడు, పతకం లేకుండా నా దగ్గరికి రావడానికి సిగ్గుపడతాడు. తలుపు తీసినప్పుడు ఆ మనిషి చేతులు ఖాళీగా ఉండకూడదు. ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పు. నిద్ర పట్టకపోయినా ఉంచుకోమను. అతని మీద నాకు కోపం లేదని కూడా చెప్పు. కాలరు పట్టుకున్నందుకు క్షమించమని అడుగు. అతను డబ్బాలు ఇవ్వకపోతే మావాడు ఆ తెల్లవారి ఖాళీ కడుపుతో వెళ్లేవాడు.

నాన్న ఉండుంటే కోప్పడేవాడా అని రాత్రంతా ఆలోచించాను. కోప్పడేవాడు కాదు. ఆ పతకం వాడిని కాపాడలేదు, కానీ ఒక పూట వాడికి అన్నం పెట్టింది. నేను అక్కడ ఉండి చెయ్యలేని పని అది చేసింది.

నువ్వొక్కడివే ఆ గదిలో టీ తాగుతూ కూర్చున్నావని తల్చుకుంటే నా ప్రాణం కుదురుగా ఉండటం లేదు. నాకు మిగిలింది నువ్వే. బంగాళాదుంపలు, ఉప్పులో వేసిన పంది కొవ్వు కట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చాను, శుక్రవారం స్టాండుకెళ్లి తీసుకో. క్యాబేజీ సూపు కాచుకో, రొట్టె తెచ్చుకో. చల్లారనివ్వకుండా, వేడిగా, కడుపునిండా తిను.